మంచు మీద ఆట, మంచం మీద పోరాటం: సాండ్రా ష్మిర్లర్ జీవితం



కాన్పు అయిన తల్లి మన దగ్గరకు వచ్చి, "వెన్ను నొప్పిగా ఉంది సిస్టర్, తిన్నది అరగడం లేదు" అంటే మనం ఏమంటాం? "బాలింతలకు మామూలేనమ్మా, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది" అంటాం. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. కానీ ప్రతిసారీ నిజం కాదు. ఆ సంగతిని మరచిపోనివ్వని ఒక తల్లి కథ ఈసారి మీ ముందుంచుతున్నాను.

ఆమె పేరు సాండ్రా ష్మిర్లర్. కెనడా దేశస్థురాలు. కర్లింగ్ అనే మంచు ఆటలో మూడుసార్లు ప్రపంచ విజేత. 1998 శీతాకాల ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టుకు నాయకురాలు. రెండేళ్లు తిరిగి వచ్చేసరికి, 2000 మార్చి 2న, 36 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో కన్ను మూసింది. అప్పటికి పెద్ద పాపకు రెండున్నరేళ్లు, చిన్న పాపకు ఎనిమిది నెలలు.

కర్లింగ్ అంటే ఏమిటి?

మన వైపు ఈ ఆట చూసినవారు తక్కువ. కాబట్టి ముందుగా దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

ఇది స్కాట్లాండ్‌లో పుట్టిన ఆట. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద అక్కడివారు రాళ్లు జార్చి ఆడుకునేవారు. ఇప్పుడు లోపలి హాళ్లలో, సుమారు 45 మీటర్ల పొడవున్న మంచు బాట మీద ఆడుతున్నారు. రాయి గ్రానైటుది, గుండ్రంగా ఉండి పైన పట్టుకోవడానికి పిడి ఉంటుంది. బరువు దాదాపు 20 కిలోలు. పేరున్న పోటీలలో వాడే రాళ్లకు గ్రానైటు ఎక్కువగా స్కాట్లాండ్ తీరంలోని ఏల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచి వస్తుంది.

జట్టుకు నలుగురు. ఒక్కొక్కరు రెండు రాళ్ల చొప్పున రెండు జట్లూ కలిసి పదహారు రాళ్లు వేస్తే ఒక విడత అయినట్టు. దానిని 'ఎండ్' అంటారు. పెద్ద పోటీలలో ఇలాంటి ఎండ్‌లు పది ఉంటాయి. బాటకు అవతలి చివర మంచులో రంగు రంగుల వలయాలు గీసి ఉంటాయి. ఎవరి రాళ్లు నడి మధ్యకు దగ్గరగా నిలిస్తే వారికి పాయింట్లు. ఎదుటివారి రాయిని తన రాయితో కొట్టి బయటకు నెట్టేయవచ్చు. క్యారమ్స్ ఆడినవారికి ఈ కిటుకు తేలికగా అర్థమవుతుంది.

రాయి మెల్లగా తిరుగుతూ, ఒక పక్కకు ఒంపు తీసుకుంటూ వెళుతుంది. దాని ముందు ఇద్దరు బ్రష్షులతో మంచును గట్టిగా రుద్దుతూ పరుగెడతారు. రుద్దినప్పుడు పుట్టే కొద్దిపాటి వేడికి మంచు నున్నబడి, రాయి మరికొంత దూరం, మరికొంత తిన్నగా పోతుంది. చేతిలోంచి వదిలిన రాయిని ఎవరూ తాకకూడదు. దాని దారిని మాత్రమే సరిచేయగలరు. పొరపాటున తన బ్రష్షు రాయికి తగిలితే ఆ సంగతి తానే ఒప్పుకోవాలన్నది ఈ ఆటలో మర్యాద. ఆటకు ముందు, తరువాత రెండు జట్లవారూ చేతులు కలుపుతారు.

ఏ రాయి ఎక్కడికి, ఎంత బలంతో వేయాలో నిర్ణయించే నాయకుణ్ణి 'స్కిప్' అంటారు. సాధారణంగా ప్రతి ఎండ్‌లో చివరి రెండు రాళ్లూ వేసేది స్కిప్పే. అందరూ చేసిన పని నిలిచేదీ పోయేదీ ఆ చివరి రాయి మీద ఆధారపడుతుంది. సాండ్రా స్కిప్.

చిన్న ఊరి అమ్మాయి

సాండ్రా 1963 జూన్ 11న కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో బిగ్గర్ అనే చిన్న ఊరిలో పుట్టింది. గోధుమ పొలాల మధ్య ఉన్న ఊరు అది. "న్యూయార్క్ పెద్దదే, కానీ ఇది బిగ్గర్" అని ఊరి మొదట్లో సరదాగా బోర్డు పెట్టుకున్నారు. ఆ ప్రాంతంలో చలికాలం చాలా దీర్ఘం. నెలల తరబడి నేలంతా మంచు. అలాంటి చోట ఊరి కర్లింగ్ క్లబ్బే అందరూ కలుసుకునే చోటు. పిల్లలు, పెద్దలు, ముసలివారు ఒకే చోట ఆడతారు. సాండ్రా కూడా చదువుకునే రోజుల్లోనే ఆట నేర్చుకుంది.

తరువాత సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యలో పట్టా తీసుకుని, రెజీనా నగరంలో స్థిరపడింది. అక్కడ నగరపాలక సంస్థ నడిపే ఈతకొలను, వ్యాయామ కేంద్రాలలో ఉద్యోగం. ఆ రోజుల్లో కర్లింగ్ ఆడితే ఇల్లు గడిచేది కాదు. పగలు ఉద్యోగం, సాయంత్రాలు సాధన, వారాంతాలలో పోటీలు. ప్రపంచ విజేత అయిన తరువాత కూడా ఆమె ఉద్యోగం చేసుకుంటూనే ఆడింది.

నలుగురూ ఒక్క మాట

1990లో సాండ్రా, ఆమె స్నేహితురాలు జాన్ బెట్కర్ కలిసి కొత్త జట్టు కట్టారు. జోన్ మెక్‌కస్కర్, మార్సియా గుడరైట్ అనే మరో ఇద్దరిని చేర్చుకున్నారు. జోన్ బడి పంతులమ్మ. మార్సియాది కంప్యూటర్ ఉద్యోగం.

ఈ నలుగురూ 1993లో కెనడా జాతీయ పోటీ గెలిచి, స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ప్రపంచ విజేతలయ్యారు. మరుసటి ఏడాది మళ్లీ జాతీయ పోటీ గెలిచారు, జర్మనీలోని ఓబర్స్‌డార్ఫ్‌లో మళ్లీ ప్రపంచ విజేతలయ్యారు. ఆ తరువాత రెండేళ్లు వెనుకబడ్డారు. అలాంటి సమయంలో చాలా జట్లు విడిపోతాయి. ఓటమికి కారణం నువ్వంటే నువ్వని మాటా మాటా పెరుగుతుంది. వీరు విడిపోలేదు. 1997లో మూడోసారి జాతీయ పోటీ గెలిచి, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మూడోసారి ప్రపంచ విజేతలుగా నిలిచారు. నలుగురూ అవే మనుషులు.

బెర్న్‌లో ఆడేటప్పటికి సాండ్రా గర్భవతి. అదే ఏడాది సెప్టెంబరులో మొదటి పాప సారా పుట్టింది.

పచ్చి బాలింత, పెద్ద పోటీ

ఒలింపిక్స్‌లో కర్లింగ్ మహిళలకు పతకాల పోటీగా మొదలైంది 1998లో జపాన్‌లోని నగానోలో. కెనడా తరఫున ఎవరు వెళ్లాలో తేల్చే పోటీ 1997 నవంబరులో బ్రాండన్ అనే ఊరిలో జరిగింది. సారా పుట్టి అప్పటికి రెండున్నర నెలలే.

తల్లులకు ఇందులోని కష్టం నేను చెప్పనక్కరలేదు. కాన్పు తరువాత పొట్ట కండరాలు, కటి కండరాలు బిగువు తెచ్చుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. వదులైన కీళ్లు గట్టిపడాలి. రాత్రిళ్లు నిద్ర ఉండదు. కర్లింగ్‌లో రాయి వేసేవారు ఒక కాలిని వెనుక నుంచి తన్ని, రెండో పాదం మీద దాదాపు నేలకు ఆనుకున్నంత కిందకు వంగి జారుతూ వెళతారు. నడుము, తొడలు, పొట్ట అన్నీ పట్టు నిలపాలి. ఒక్కో ఆట సుమారు రెండున్నర, మూడు గంటలు సాగుతుంది.

ఆ పోటీ ఫైనల్లో ష్మిర్లర్ జట్టుకు ఎదురు నిలిచింది షానన్ క్లైబ్రింక్ జట్టు. ఒక ఎండ్‌లో ఎదుటివారి రాయి మధ్యలో, తిన్నగా కొట్టడానికి వీలులేకుండా దాగి ఉంది. సాండ్రా చేతిలో చివరి రాయి. దూరంగా పక్కన నిలిచిన మరో రాయిని గురిచూసి వేసింది. రాయి దానిని తగిలి, దారి మార్చుకుని లోపలికి వచ్చి, మధ్యలో ఉన్న ఎదుటివారి రాయిని నెట్టేసి తాను నిలిచింది. ఒక్కసారిగా మూడు పాయింట్లు. క్యారమ్ బల్ల మీద పక్క కాయను తగిలించి మూల కాయను వేయడం లాంటిదే, కాకపోతే 20 కిలోల రాయితో, ముప్ఫై మీటర్ల దూరాన. కెనడాలో కర్లింగ్ అభిమానులు ఈనాటికీ ఆ దెబ్బను చెప్పుకుంటారు. ఆ గెలుపుతో వారు ఒలింపిక్స్‌కు వెళ్లారు.

బంగారు పతకం

1998 ఫిబ్రవరిలో నగానో ఒలింపిక్స్ కర్లింగ్ పోటీలు కరుయిజావా అనే పట్టణంలో జరిగాయి. నలుగురు పాతవారితో పాటు అదనపు క్రీడాకారిణిగా అటీనా ఫోర్డ్, శిక్షకురాలిగా ఆమె తల్లి అనీటా ఫోర్డ్ ఉన్నారు.

సెమీఫైనల్లో బ్రిటన్ జట్టు ముప్పుతిప్పలు పెట్టింది. పది ఎండ్‌లు ముగిసేసరికి సమానం. అదనపు ఎండ్‌లో చివరి రాయితో 6-5 తేడాతో గట్టెక్కారు. ఫైనల్లో డెన్మార్క్‌పై 7-5తో గెలిచారు. ఒలింపిక్స్ చరిత్రలో మహిళల కర్లింగ్‌కు మొదటి బంగారు పతకం అదే. సాండ్రాకు అప్పుడు 34 ఏళ్లు. ఇంటి పని, ఉద్యోగం, అయిదు నెలల పసిబిడ్డ, వీటన్నిటి మధ్య సాధించిన పతకం అది.

మామూలు నొప్పి అనుకున్నది

1999 సాండ్రా కుటుంబానికి బరువైన ఏడాది. ఆమె తండ్రి ఆర్ట్ ఆ సంవత్సరమే క్యాన్సర్‌తో మరణించారు. సాండ్రా అప్పుడు రెండో బిడ్డను మోస్తోంది. జూన్ నెలాఖరున రెండో పాప జెన్నా పుట్టింది.

వెన్ను నొప్పి, అజీర్తి ఆమెను వదలలేదు. నిండు గర్భిణికీ, బాలింతకూ ఈ రెండూ ఎంత సహజమైన బాధలో మనకు తెలుసు. పెరిగిన పొట్ట నడుమును ముందుకు లాగుతుంది. హార్మోన్ల వల్ల కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కాన్పు అయ్యాక పసిబిడ్డను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం వల్ల వీపు నొప్పి పుడుతుంది. కానీ సాండ్రా బాధకు కారణం అది కాదు. పరీక్షలలో గుండె వెనుక పిడికిలంత గడ్డ బయటపడింది. పాప పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆపరేషన్, ఆ తరువాత కీమోథెరపీ, రేడియేషన్ చికిత్స జరిగాయి. రేడియేషన్‌నే మనవాళ్లు 'కరెంటు పెట్టించడం' అంటారు.

ఆమెకు వచ్చినది ఎడినోకార్సినోమా. అంటే గ్రంథి కణాలలో మొదలయ్యే క్యాన్సర్. అయితే శరీరంలో మొదట ఎక్కడ పుట్టిందో తెలియలేదు. దొరికేసరికే అది వేరే చోటికి పాకింది. ఇలాంటి క్యాన్సర్లు అరుదేమీ కాదు. మొత్తం క్యాన్సర్ రోగులలో నూటికి ఇద్దరు నుంచి అయిదుగురి వరకు ఇలా పుట్టుచోటు తెలియనివారు ఉంటారు. పుట్టుచోటు తెలిస్తే దానికి తగిన మందు ఎంచుకోవచ్చు. తెలియకపోతే వైద్యులు చీకట్లో దారి వెతుక్కోవలసి వస్తుంది. ఇప్పుడు గడ్డ ముక్కను ప్రత్యేక రంగులతో పరీక్షించడం, జన్యు పరీక్షలు, పెట్ స్కాన్ వంటివి కొంత వెలుగు చూపుతున్నాయి. 1999లో ఈ సౌకర్యాలు ఇంతగా లేవు.

ఇంకాస్త ముందుగా కనిపెట్టి ఉంటే సాండ్రా బతికేదా? అలాగని ఎవరూ చెప్పలేరు. పాకిన క్యాన్సర్ చాలా మొండిది. ఆమెను చూసిన వైద్యులనో, ఆమెనో తప్పుపట్టడానికి నేను ఈ కథ రాయడం లేదు. ఒకే నొప్పికి రెండు కారణాలు ఉండవచ్చునని, తేలికైనదాన్ని ముందు అనుకున్నా రెండోదాన్ని మరచిపోకూడదని చెప్పడానికే రాస్తున్నాను.

మైక్రోఫోన్ ముందు

చికిత్స సాగుతుండగానే, 2000 ఫిబ్రవరిలో, సాండ్రా మాంక్టన్ అనే ఊరికి వెళ్లింది. అక్కడ కెనడా జూనియర్ల జాతీయ పోటీలు జరుగుతున్నాయి. సీబీసీ టెలివిజన్‌కు వ్యాఖ్యాతగా ఆమె వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది. అక్కడే విలేకరుల ముందు కూర్చుని తన జబ్బు గురించి మొదటిసారి బహిరంగంగా మాట్లాడింది. మధ్య మధ్య నవ్వించింది, ఏడ్చింది కూడా. ఆటలో ఓడిపోవడమంటే ప్రపంచం మునిగిపోవడం కాదని తనకు ఇప్పుడు తెలిసిందని చెప్పింది. తన లక్ష్యాలలో మొదటిది కుటుంబాన్ని చూసుకోవడమేనని చెప్పింది.

ప్రపంచ పోటీల కోసం ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి ఆ మాట అనడం చూసి, అక్కడున్న పాత్రికేయులే కళ్లు తుడుచుకున్నారు. అది జరిగిన కొద్ది వారాలకే ఆమె రెజీనాలో తుది శ్వాస విడిచింది. చివరి రోజులలో ఆమె ఉన్నది ఉపశమన చికిత్స వార్డులో.

ఉపశమన చికిత్స అంటే 'ఇక చేయగలిగింది లేదు' అని పక్కకు పెట్టేయడం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నొప్పి తగ్గించడం, వాంతులు, ఆయాసం అదుపు చేయడం, నోరు శుభ్రంగా ఉంచడం, పడక పుండ్లు రాకుండా పక్కకు తిప్పడం, పిల్లలను, భర్తను దగ్గర కూర్చోనివ్వడం, వారు అడిగిన ప్రశ్నలకు నిజం చెప్పడం, ఇదంతా చికిత్సే. జబ్బు నయం కాదని తెలిసిన తరువాత కూడా నర్సు చేయవలసిన పని చాలా మిగిలి ఉంటుంది.

ఆమె వెళ్లిపోయిన తరువాత

సాండ్రా అంత్యక్రియలు జరిగినప్పుడు సస్కాటూన్ నగరంలో పురుషుల జాతీయ కర్లింగ్ పోటీలు జరుగుతున్నాయి. అంత్యక్రియల రోజున అక్కడ ఆట ఆలస్యంగా మొదలుపెట్టారు. స్టేడియానికి వచ్చిన వేలమంది పెద్ద తెర మీద ఆ కార్యక్రమాన్ని చూశారు. రెండు జాతీయ టీవీ ఛానళ్లు దానిని దేశమంతటికీ ప్రత్యక్షంగా చూపించాయి. ఆమె గౌరవార్థం రాష్ట్రంలో జెండాలు సగానికి దించారు. పుట్టిన ఊరు బిగ్గర్‌లో ఆమె పేర ఒక పార్కు ఉంది. రెజీనాలో ఒక వ్యాయామ కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. కెనడా మహిళల జాతీయ పోటీలో ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే బహుమతి కూడా ఆమె పేరనే ఉంది.

వీటన్నిటికంటే నాకు నచ్చినది మరొకటి. 2001లో ఆమె మిత్రులు, కుటుంబ సభ్యులు కలిసి సాండ్రా ష్మిర్లర్ ఫౌండేషన్ స్థాపించారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, ప్రాణాపాయంలో ఉన్న నవజాత శిశువులకు కావలసిన పరికరాలను అది కెనడాలోని ఆసుపత్రులకు కొనిస్తుంది. మనం 'పెట్టెలో పెట్టారు' అంటామే, ఆ ఇన్‌క్యుబేటర్లు, ఊపిరి అందించే యంత్రాలు, గుండె, ఆక్సిజన్ చూపే మానిటర్లు, ఇలాంటివి. కర్లింగ్ పోటీల టీవీ ప్రసారాల సమయంలో విరాళాలు అడుగుతారు. ఊరూరా ఉన్న క్లబ్బులు కూడా సొమ్ము కూడబెట్టి పంపుతాయి. ఇంతవరకు లక్షల డాలర్లు ఆసుపత్రులకు చేరాయి. సాండ్రా తన ఇద్దరు పిల్లలను పెంచుకోలేకపోయింది. ఆమె పేర వచ్చిన పరికరాల సాయంతో ఎందరో తల్లులు తమ బిడ్డలను ఒడిలో పెట్టుకుని ఇంటికి వెళ్తున్నారు.

మనం గుర్తుంచుకోవలసినవి

గర్భంతో ఉన్నప్పుడు గాని, ఆ దగ్గరి కాలంలో గాని క్యాన్సర్ బయటపడడం తరచుగా జరిగేది కాదు. సుమారు వెయ్యి గర్భాలలో ఒకరికి అలా జరగవచ్చని వైద్యుల అంచనా. కాబట్టి ప్రతి నొప్పికీ భయపడవద్దు. అయితే కింది సూచనలు కనిపిస్తే, 'బాలింత నొప్పులే' అని ఇంట్లో కూర్చోకుండా వైద్యులకు చూపించండి.

1. కాన్పు అయి ఆరు వారాలు దాటినా తగ్గని, రోజురోజుకూ పెరిగే వెన్ను నొప్పి. ముఖ్యంగా పడుకున్నా తగ్గక, నిద్రలోంచి లేపే నొప్పి.

2. అన్నం మింగేటప్పుడు గొంతులోనో, గుండెల మధ్యనో అడ్డం పడినట్టు ఉండడం. ఆగని వాంతులు. నల్లటి విరేచనం.

3. ఆకలి మందగించి, ప్రయత్నం లేకుండానే బరువు తగ్గిపోవడం. పాలిస్తున్నందువల్లే చిక్కిపోయిందని అనుకోవద్దు.

4. రొమ్ములో, చంకలో, మెడలో గడ్డ. పాలు గడ్డకట్టి వచ్చినదైతే చికిత్సతో కొద్ది రోజుల్లో తగ్గాలి. రెండు వారాలైనా తగ్గకపోతే పరీక్ష చేయించాలి.

5. వెన్ను నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, మూత్రం బిగిసిపోవడం. అలాగే ఉన్నట్టుండి వచ్చే ఆయాసం, ఛాతీ నొప్పి. వీటికి ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి రావాలి. కాన్పు తరువాత కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఉంది.

పాలిచ్చే తల్లికి ఎక్స్‌రే తీస్తే పాలు పాడవుతాయనే భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఛాతీ ఎక్స్‌రే వల్ల పాలకు ఏమీ కాదు. తీయించుకుని వచ్చి వెంటనే బిడ్డకు పాలివ్వవచ్చు. గర్భిణులకు కూడా నిజంగా అవసరమైన పరీక్షలను జాగ్రత్తలతో చేసే మార్గాలు ఉన్నాయి. ముందుగా మీరు గర్భవతినని చెప్పండి. ఏ పరీక్ష చేయాలో వైద్యులు నిర్ణయిస్తారు.

అత్తగార్లకు, అమ్మలకు, భర్తలకు ఒక మాట. బాలింత ఇంట్లో అందరి కళ్లూ పసిబిడ్డ మీదే ఉంటాయి. బిడ్డకు చిన్న జలుబు చేస్తే పరుగెత్తుకు వస్తాం. తల్లి మాత్రం తన బాధ తాను చెప్పుకోదు. చెప్పినా ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. బిడ్డకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు తల్లిని కూడా ఓపీలో చూపించండి. మా సిస్టర్లకు కూడా ఇదే మాట చెబుతుంటాను. ఒక తల్లి అదే బాధ రెండోసారి చెబితే, మొదటిసారి చెప్పిన జవాబునే మళ్లీ చెప్పకండి. కూర్చోబెట్టి, ఎప్పుడు మొదలైంది, ఎక్కడ పుడుతోంది, రాత్రి నిద్ర పడుతోందా, తిండి ఎలా ఉంది, బరువు ఎంత ఉందో అడిగి రాయండి. తూకం మీద నిలబెట్టండి. ఆ చీటీతో డాక్టరు గారి దగ్గరకు పంపండి. దీనికి పది నిమిషాలకంటే ఎక్కువ పట్టదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్